క్రమంగానా, ఒక్కసారిగానా: బానిసత్వ రద్దుకు ఏది మేలు?

బ్రిటిష్ బానిసత్వ రద్దు చట్టం 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చినా, చాలా వలసల్లో ఆ రోజే పూర్తిగా విడుదలైనది ఆరేళ్లలోపు పిల్లలు మాత్రమే. చెరకు తోటల్లో పనిచేసే పెద్దలు ఆరేళ్లు, ఇంటి పనివాళ్లు నాలుగేళ్లు 'అప్రెంటిస్‌'లుగా, అంటే పని నేర్చుకునేవాళ్లన్న పేరుతో, పాత యజమాని కిందే చాకిరీ చేయాలి. పుట్టినప్పటి నుంచి చెరకు నరుకుతున్న మనిషి కొత్తగా నేర్చుకునేదేమిటి? ఆ గడువు యజమానుల కోసమే. వాళ్లకు 2 కోట్ల పౌండ్ల పరిహారం కూడా అందింది. బానిసలకు ఒక్క పెన్నీ రాలేదు.

కరీబియన్‌లోని బ్రిటిష్ వలస జమైకాలో ఏం జరిగిందో చూడండి. అక్కడ వారానికి 40½ గంటలు కూలి లేని పని. రోజుకు 9 గంటల చొప్పున చేస్తే శుక్రవారం మధ్యాహ్నానికి అయిపోతుంది, మిగిలిన పూట సొంత మడిచెక్క చూసుకోవచ్చు. చాలామంది యజమానులు రోజుకు 8 గంటల పద్ధతి పెట్టి ఆ పూటను లాగేసుకున్నారు. చట్టంలో రాసిలేదంటూ ఆనవాయితీగా ఇచ్చే ఉప్పుచేపనూ ఆపేశారు. కొరడా యజమాని చేతి నుంచి మేజిస్ట్రేటు చేతికి మారింది, అంతే. నిరసనలు ముదిరి 1838 ఆగస్టు 1నే అప్రెంటిస్ పద్ధతి ముగిసింది.

బ్రెజిల్‌ది ఇంకా నెమ్మది నడక. 1871 చట్టం ప్రకారం బానిస తల్లికి పుట్టిన బిడ్డ స్వతంత్రుడే. కానీ ఎనిమిదేళ్లు నిండాక యజమాని ప్రభుత్వం నుంచి 600 మిల్‌రెయిస్ (అప్పటి బ్రెజిల్ డబ్బు) తీసుకుని బిడ్డను అప్పగించవచ్చు, లేదా 21 ఏళ్లు వచ్చేదాకా పని చేయించుకోవచ్చు. ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు. చివరికి సావో పాలో కాఫీ తోటల నుంచి బానిసలు గుంపులుగా వెళ్లిపోవడం మొదలయ్యాక, 1888 మే 13న బానిసత్వాన్ని రద్దు చేస్తూ రెండే అధికరణాల చట్టం వచ్చింది. గడువు లేదు, పరిహారం లేదు.

ఒక్కసారిగా విడిచిపెడితే అల్లకల్లోలమవుతుందన్న భయానికి బ్రిటిష్ వలస దీవులు ఆంటిగ్వా, బెర్ముడాలే జవాబు. ఈ రెండూ అప్రెంటిస్ దశ లేకుండా 1834లోనే అందరినీ విడుదల చేశాయి. తిరుగుబాట్లు లేవు, ఆంటిగ్వాలో చక్కెర తయారీ ఆగలేదు. కాబట్టి ఒక్కసారిగా ఇవ్వడమే మేలు, ఇందులో నాకు సందేహం లేదు.

అయితే ఆంటిగ్వాలో దాదాపు భూమంతా తోటల యజమానులదే. విడుదలైనవాళ్లు బతుకుతెరువు కోసం మళ్లీ అదే తోటకు, యజమానులు చెప్పిన కూలికే వెళ్లాల్సి వచ్చింది. జమైకాలో మాత్రం కొండ ప్రాంతంలో భూమి దొరికింది. బాప్టిస్టు మిషనరీలు తోటలను కొని ముక్కలుగా అమ్మితే, మాజీ బానిసలు స్లిగోవిల్ లాంటి స్వేచ్ఛా గ్రామాలు కట్టుకున్నారు. సొంత చెక్క ఉన్న కుటుంబం తోట యజమానితో కూలి బేరమాడగలిగింది.