ఆరో తరగతికి ఏది: ‘రైలుబడి’యా, ‘బాయ్’ఆ?
కాజీపేట పిల్లలకు చదివి వినిపించడానికి ఒక్క పుస్తకమే ఎంచుకోమంటే, నా ఓటు జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయానగి తన చిన్ననాటి బడి గురించి రాసిన ‘రైలుబడి’కే. రైలు పెట్టెల్లోనే తరగతులు! జంక్షన్‌లో పెరిగే పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? పాత బడి వద్దని పంపేసిన పాప కబుర్లను కొత్త హెడ్మాస్టర్ నాలుగు గంటలు విన్న ఘట్టాన్ని మాత్రం నిదానంగా చదవాలి. బడంటే టెన్షన్ పడే పిల్లలకు అది కొండంత ధైర్యం.

పిల్లల రచయిత రోల్డ్ డాల్ తన చిన్ననాటి గురించి రాసుకున్న ‘బాయ్’ (1984) రాత ఇంకా పదునైనది. మిఠాయి జాడీలో చచ్చిన ఎలుకను వేయడం భలే నవ్విస్తుంది. ఆ వెంటనే బెత్తం దెబ్బలు! డాల్ వాటిని దాచకుండా రాశారు, అందుకే ఆ పుస్తకమంటే గౌరవం. కానీ దాన్ని ఎనిమిదో తరగతికి ఉంచండి. రుచి చూడమని చాక్లెట్ కంపెనీ డాల్ ఉన్న హాస్టల్‌కు పంపిన పెట్టెల కథ మాత్రం ఇప్పుడే చెప్పేయొచ్చు.