పెట్టిన వరుసలోనే తీసిచ్చే డిక్షనరీ: పైథాన్ డిక్ట్‌ని ఏళ్ల తరబడి వాడాక

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో డిక్ట్ (డిక్షనరీ: ఒక్కో కీకి, అంటే పేరుకి, ఒక్కో విలువను జతచేసి దాచుకునేది) వాడని రోజు నాకు దాదాపు ఉండదు. కాలేజీల ఫలితాల షీట్లు, ఫీజు రిపోర్టులు తయారుచేసే కోడ్ రాయడం నా పని. ఒక్కో విద్యార్థి ఒక్కో డిక్ట్: రోల్ నంబరు, పేరు, సబ్జెక్టుల మార్కులు, మొత్తం, ర్యాంకు. నేను ఏ వరుసలో పెట్టానో ఎక్సెల్‌లో కాలమ్స్ కూడా అదే వరుసలో రావాలి. ఇప్పుడు పైథాన్ నేర్చుకునేవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. పైథాన్ 2.7 వెర్షన్ కాలం నుంచి ఉన్నవాళ్లను అడగండి, చెబుతారు.

అప్పట్లో డిక్ట్ మీద లూప్ తిప్పితే, అంటే కీలను ఒక్కొక్కటిగా చదివితే, ర్యాంకు ముందు వచ్చినా, పేరు చివర వచ్చినా అడిగే హక్కు మనకు లేదు. 3.3 నుంచి ఇంకో మెలిక పడింది. ఒకే హ్యాష్ (కీని ఎక్కడ దాచాలో తేల్చడానికి దాని నుంచి లెక్కగట్టే సంఖ్య) పడే కీలను కావాలని గుట్టలుగా పంపి సర్వర్‌ను కుదేలు చేసే దాడులు ఉండేవి. వాటిని ఆపడానికి స్ట్రింగుల హ్యాష్‌ని ప్రతి రన్‌లోనూ మార్చడం మొదలుపెట్టారు. భద్రతకు మంచిదే. కానీ అదే స్క్రిప్టును రెండుసార్లు నడిపితే రెండు వరుసలు. దానికి మందు ఆర్డర్డ్‌డిక్ట్, వరుసను గుర్తుంచుకునే ఇంకో రకం డిక్ట్. 2.7లోనే ఉంది, పని చక్కగానే చేసేది. కాకపోతే ప్రింట్ చేస్తే బ్రాకెట్ల మీద బ్రాకెట్లతో కళ్లు తిరిగేవి. (3.12లో ఆ ప్రింట్‌ని బాగుచేశారు. అప్పటికి దాన్ని వాడేవాళ్లే తగ్గిపోయారు.)

2016 డిసెంబరులో 3.6 వచ్చాక మామూలు డిక్టే వరుస నిలుపుకోవడం మొదలుపెట్టింది. నిజానికి దాన్ని మార్చింది వరుస కోసం కాదు, మెమరీ కోసం. రేమండ్ హెట్టింగర్ 2012లో ఈ డిజైన్ ప్రతిపాదించారు. పైపై (PyPy) అనే, పైథాన్ కోడ్‌ను నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్ దాన్ని ముందే అమలు చేసింది. మనం రోజూ వాడే సీపైథాన్‌లోకి ఇనాడా నవోకి తెచ్చారు.

పాత పద్ధతిలో ఒక పెద్ద పట్టిక ఉండేది. అందులో ప్రతి గడికీ హ్యాష్, కీ, వాల్యూ కలిపి 24 బైట్లు, ఖాళీ గడికైనా సరే. 8 గడుల చిన్న డిక్ట్‌కి 192 బైట్లు పోయేవి. కొత్త పద్ధతి మన ఆఫీసు రిజిస్టరు లాంటిది. ఎంట్రీలు వచ్చినవి వచ్చినట్టు ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతారు, ఏది ఎన్నో లైనులో ఉందో చెప్పే చిన్న సూచిక పక్కన విడిగా ఉంటుంది. ఆ సూచికకు గడికి ఒక్క బైటు చొప్పున 8 బైట్లు, ఆ 8 గడుల్లో నింపనిచ్చే 5 ఎంట్రీలకు 24 చొప్పున 120, మొత్తం 128. 3.5తో పోలిస్తే 20 నుంచి 25 శాతం దాకా మెమరీ ఆదా అని 3.6 విడుదల నోట్సులోనే రాశారు. లూప్ తిప్పడమంటే ఇక ఆ లైన్లను పైనుంచి కిందికి చదువుకుంటూ పోవడమే కాబట్టి వరుస ఊరికే వచ్చింది.

అయితే 3.6లో దీన్ని నమ్ముకోవద్దన్నారు. పనిచేస్తుంది, కానీ హామీ లేదు. ఆ మధ్యకాలంలో మా కోడ్ రివ్యూలన్నీ ఈ గొడవతోనే గడిచాయి. 2018 జూన్‌లో 3.7 వచ్చి, ఇది భాషలోనే భాగమని తేల్చాక ప్రశాంతత దొరికింది.

ఇన్నేళ్లలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఏమిటంటే, ఉన్న కీకి కొత్త విలువ ఇస్తే దాని చోటు మారకపోవడం. అన్ని సబ్జెక్టులతో ఖాళీ మూస డిక్ట్ ఒకటి పెట్టుకుంటాను. డేటాబేస్ నుంచి మార్కులు ఏ వరుసలో వచ్చినా దాని మీద అప్‌డేట్ కొడతాను. కాలమ్స్ మూసలో ఉన్నట్టే ఉంటాయి. కీని తీసేసి మళ్లీ పెడితే మాత్రం చివరికి వెళ్తుంది. అది గుర్తుంచుకుంటే చాలు. రెండో లాభం టెస్టుల్లో: నిన్నటి రిపోర్టుకీ ఇవాళ్టి రిపోర్టుకీ తేడా తీస్తే నిజంగా మారినవే కనిపిస్తాయి.

ఇక తలనొప్పులు. ఈ హామీ పైథాన్ గడప లోపలే. ర్యాంకుల వరుసలో ఉన్న మెరిట్ లిస్టును రోల్ నంబర్లే కీలుగా జేసన్ (ప్రోగ్రాముల మధ్య డేటా పంపుకునే పాఠ రూపం) చేసి బ్రౌజర్‌కు పంపండి. అక్కడి భాష జావాస్క్రిప్ట్; దాని ఆబ్జెక్టులో పూర్ణసంఖ్యల్లా కనిపించే కీలు ముందుగా, చిన్న నుంచి పెద్దకు వస్తాయి. ఫస్ట్ ర్యాంకు అమ్మాయి ఎక్కడో మధ్యలో తేలుతుంది. జేఎన్‌టీయూ రోల్ నంబర్లలో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి కాబట్టి అవి బతికిపోతాయి. అందుకే ఒక కాలేజీలో సాఫీగా నడిచిన పేజీ ఇంకో కాలేజీలో తలకిందులవుతుంది, కారణం వెతకడానికి ఒక పూట పడుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో జేసన్‌బీ రకం కాలమ్‌లో దాచినా వరుస పోతుంది. జేసన్ అనే మామూలు రకం పంపిన పాఠాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతుంది. వరుస ముఖ్యమైన చోట జాబితాగా పంపడమే నా అలవాటు, డిక్ట్‌గా పంపను.

పోలిక విషయం కూడా తెలిసి ఉండాలి. రెండు డిక్టుల్లో కీలు, విలువలు ఒకటే అయితే వరుస వేరైనా సమానమే అంటుంది. కాలమ్స్ తారుమారైనా టెస్టు పాసవుతుంది. వరుసను కూడా పోల్చాలంటే రెండింటినీ కీ, విలువల జతల జాబితాలుగా మార్చి చూడాలి, లేదా రెండు వైపులా ఆర్డర్డ్‌డిక్ట్ వాడాలి. సెట్‌కు (విలువలు లేకుండా, డూప్లికేట్లు లేకుండా అంశాలను మాత్రమే దాచే రకానికి) అసలు ఈ వరుస వర్తించదు. డిక్ట్‌కి వచ్చింది కాబట్టి సెట్‌కీ వచ్చి ఉంటుందనుకునే కుర్రాళ్లను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను. డూప్లికేట్లు తీసేసి వరుస ఉంచాలంటే డిక్ట్‌లోని ఫ్రమ్‌కీస్ ఒక్క లైనులో పని ముగిస్తుంది.

క్యూలా వాడదామనుకుంటే మాత్రం వద్దంటాను. ముందు నుంచి ఒక్కో కీని తీసేస్తూ పోతే ఆ లైన్లు ఖాళీగా మిగిలిపోతాయి, ప్రతిసారీ మొదటి నుంచి వాటన్నిటినీ దాటుకుంటూ వెళ్లాలి. లక్షల్లో కీలుంటే ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది. ఆర్డర్డ్‌డిక్ట్ లోపల ముందూ వెనకా లింకులు ఉంటాయి కాబట్టి దానికి ఆ బెడద లేదు. పాతవాటిని వదిలించుకునే క్యాష్‌లకు (మళ్లీ కావలసినవాటిని దగ్గర దాచుకునే చోట్లకు) నేను ఇప్పటికీ అదే వాడతాను. జావా భాష వైపు పనిచేసేటప్పుడు అక్కడి లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ ఇదే పనిని ఇంకా హాయిగా చేసింది. చివరగా ఎప్పుడు వాడామన్న వరుసను కూడా అదే చూసుకుంటుంది.

డిక్ట్‌లో నాకు తీరని కోరిక ఒకటుంది. వరుస ఉంది కానీ ఆ వరుసను దిద్దే వీల్లేదు. తండ్రి పేరు కాలమ్‌ను విద్యార్థి పేరు పక్కన పెట్టమని ఆఖరి నిమిషంలో ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే డిక్ట్ మొత్తాన్ని కొత్తగా కట్టుకోవాలి. మూడో కీ ఏదని నేరుగా అడగడం కూడా కుదరదు. జావా 21లో కనీసం మొదట్లో చేర్చడానికి పుట్‌ఫస్ట్ ఇచ్చారు. పైథాన్ డిక్ట్‌లో అదీ లేదు.