హైదరాబాద్–విజయవాడ టోల్ రహదారి: వాడకందారు సమీక్ష

ఉద్యోగం హైదరాబాద్‌లో, సొంతిల్లు విజయవాడలో కావడంతో 65వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వరుసల రోజుల నుంచీ కారు నడుపుతున్నాను. 2012 చివర్లో మల్కాపురం నుంచి నందిగామ దాకా సుమారు 181 కిలోమీటర్ల మేర నాలుగు వరుసల రోడ్డు అందుబాటులోకి వచ్చాక, లారీల వెనుక పడి గంటల తరబడి సాగే ప్రయాణం ఐదు గంటల లోపుకు తగ్గింది. ఆ మేలు కాదనలేనిది. నకిరేకల్ దాటాక సూర్యాపేట దాకా రోడ్డు ఇప్పటికీ హాయిగానే ఉంటుంది.

అయితే దీన్ని ఎక్స్‌ప్రెస్‌వే, అంటే పక్కల నుంచి ఎవరూ చొరబడని రోడ్డు అనుకుని వచ్చేవారికి నిరాశ తప్పదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎవరూ అడ్డురాకుండా వచ్చి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగిన కాసేపటికే ఆ తేడా తెలిసిపోతుంది. చౌటుప్పల్‌లో హైవేయే ఊరి ప్రధాన వీధి. బస్సు కోసం నిలబడినవారూ, పండ్ల బండ్లూ, రోడ్డు దాటే పిల్లలూ అందరూ అక్కడే. రాత్రి పూట మరీ భయం. వెనుక లైటు గానీ కనీసం మెరిసే స్టిక్కరు గానీ లేని గడ్డి ట్రాక్టరు, హెడ్‌లైటు వెలుగులోకి వచ్చేదాకా కనిపించదు. సర్వీసు రోడ్డు లేని చోట్ల, యూటర్న్ కోసం దూరం పోవడం ఇష్టంలేక రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులది ఇంకో బెడద. వారిని తిట్టుకోవడం సులువే గానీ, పొలం ఒకవైపు, ఇల్లు మరోవైపు ఉన్న రైతుకు ఆ రోడ్డు ఏ దారి మిగిల్చిందో కూడా చూడాలి.

టోల్ విషయానికి వస్తే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ఆపైన కీసర, మొత్తం నాలుగు గేట్లు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక మామూలు రోజుల్లో ఆగే పని తగ్గింది. సంక్రాంతి ముందు మాత్రం పంతంగి దగ్గర కథ మామూలే: ఒక్క కారు ట్యాగు చదవకపోతే సిబ్బంది చేతి యంత్రం పట్టుకుని పరుగెత్తుకొచ్చేలోగా వెనుక హారన్లు మోగుతుంటాయి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసుతో, ఏడాదిలోగా సొంత కారులో 200 సార్లు గేటు దాటవచ్చు. నాలుగు గేట్ల లెక్కన అది పాతిక రానుపోను ప్రయాణాలకు సరిపోతుంది కాబట్టి, నెలకు రెండుసార్లు ఊరెళ్లేవారు తీసుకోవడమే లాభం. అవుటర్ మీద మాత్రం ఆ పాసు చెల్లదు.

వానాకాలంలో బయల్దేరే ముందు దారిలోని మున్నేరు నది సంగతి కనుక్కోవాలి. 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద వరద రోడ్డెక్కి రాకపోకలు ఆగిపోయాయి. రెండోసారి గరికపాడు దగ్గర పాలేరు వంతెన కూడా దెబ్బతింది. డబ్బు కట్టే రోడ్డు ఏటి నీటికి మునగడం నాకు మింగుడుపడదు. గుంటూరు వెళ్లేవారికి పండగ రద్దీలో నార్కట్‌పల్లి దగ్గర తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా పోవడమే నయం.