మిషిచ్ పుట్టిన ఊరికి ఒకరోజు గైడు యాత్ర: నా అభిప్రాయం

సెర్బియా సేనాని జివొయిన్ మిషిచ్ 1855లో పుట్టిన స్ట్రుగానిక్ గ్రామానికి, అక్కడి స్మారక గృహానికి బెల్‌గ్రేడ్ నుంచి తీసుకెళ్లే ఒకరోజు యాత్రలో ఇటీవల పాల్గొన్నాను.

ఈ యాత్రకు ప్రాణం మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ సేనలతో సెర్బియా చేసిన కొలుబారా యుద్ధం గురించి గైడు చెప్పిన కథనమే. 1914 నవంబరులో అలసిపోయిన సెర్బియా మొదటి సైన్యం పగ్గాలు చేపట్టిన మిషిచ్, రాజధాని బెల్‌గ్రేడ్‌ను వదులుకోవలసి వస్తుందని తెలిసి కూడా, సైనికులకు విశ్రాంతి, మందుగుండు అందేలా గోర్నీ మిలనొవాత్స్ పట్టణం వైపు వెనక్కి తగ్గాడు. డిసెంబరు 3న ఎదురుదాడి మొదలైంది, 15న రాజధాని తిరిగి దక్కింది. వెనుకడుగు వేయడానికి ఎంత ధైర్యం కావాలో ఆ కొండల మధ్య నిలబడి వింటే తప్ప నాకు అర్థం కాలేదు. ఆ విజయమే ఆయనకు సెర్బియా సైన్యంలో అత్యున్నతమైన ‘వొయ్‌వొదా’ హోదాను తెచ్చిపెట్టింది.

1904లో ఆయనను బలవంతంగా పదవీ విరమణ చేయించిన ఘట్టాన్నీ, సెర్బియా సైనిక ప్రధానాధికారి రాడోమిర్ పుత్నిక్ పట్టుబట్టి వెనక్కి పిలిపించిన తీరునూ గైడు శ్రద్ధగా వివరించారు. అయితే 1918లో సర్వసైన్య ప్రధాన కార్యాలయాధిపతిగా ఆయన నడిపిన గ్రీసు ఉత్తర సరిహద్దులోని సలోనికా యుద్ధరంగ విజయానికి తిరుగు ప్రయాణంలో పది నిమిషాలే కేటాయించడం నన్ను నిజంగా బాధించింది. నిర్వాహకులు ఆ భాగాన్ని పెంచితే, చరిత్రపై ఆసక్తి ఉన్నవారెవరికైనా ఈ యాత్రను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.