ఆర్కిడ్‌కి పట్టిన పిండినల్లి: సబ్బు స్ప్రే ఎంతవరకు పనికొస్తుంది

ఇంట్లో కుండీలో పెంచే ఆర్కిడ్‌కి పిండినల్లి (తెల్లటి పిండి పూసినట్టుండే చిన్న పురుగు) పడితే చాలామంది ముందుగా కొనేది రెడీమేడ్ సబ్బు స్ప్రే. నేనూ మా ఫెలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ కోసం అదే కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను. ఇలాంటి సీసాల్లో అసలు మందు ఒకటే, కొవ్వు ఆమ్లాల పొటాషియం లవణాలు. మందుకి ఐదుకి నాలుగు, సీసాకి రెండు, లేబుల్‌కి ఒకటి ఇస్తాను.

ముందు లేబుల్ సంగతి. 'పురుగులను తాకగానే చంపుతుంది' అని పెద్దక్షరాల్లో వేశారు. అది నిజమే. కానీ తాకితేనే చంపుతుంది అన్న సగం మాట ఎక్కడా లేదు. ఈ సబ్బు తడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది. మెత్తని ఒళ్లున్న పురుగుకి తగిలితే దాని పైపొర దెబ్బతిని, ఒంట్లో తేమ పోయి చస్తుంది. ఆరిపోయాక ఆ ఆకు మీదికి ఇంకో పురుగు వచ్చి కూర్చున్నా దానికేమీ కాదు. గుడ్లకీ పెద్దగా ఏమీ కాదు. పిండినల్లి ఆడపురుగు తెల్లటి సంచిలో వందల కొద్దీ గుడ్లు పెడుతుంది. ఇవాళ స్ప్రే కొట్టి అంతా పోయిందని అనుకుంటే, వారం పది రోజులకి పిల్లపురుగులు మళ్లీ ఆకుల మీద కనిపిస్తాయి. మందు పనిచేయలేదని సీసా పారేసేవాళ్లు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. వారానికోసారి చొప్పున, కొత్తవి కనిపించడం మానేదాకా కొడుతూనే ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేబుల్ మీద ఉంటే ఎన్ని మొక్కలు బతికేవో.

ఈ పురుగు ఎక్కడ దాక్కుంటుందో చూస్తే స్ప్రే ఒక్కటే ఎందుకు సరిపోదో అర్థమవుతుంది. ఫెలనాప్సిస్ ఆకుల మొదళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఆకు మొదలు కాండాన్ని చుట్టుకునే చోట సన్నని సందు ఉంటుంది. టార్చి వేసి చూశాను. ఆ సందులో దూది పోగుల్లాంటి తెల్లటి ముద్ద కనిపించింది. టూత్‌పిక్‌తో మెల్లగా కదిపితే లోపల లేత గులాబీ రంగు పురుగు, ఒంటి అంచు చుట్టూ మైనపు పోగులు. దాని మీద స్ప్రే కొడితే నీటి బొట్టు ఆ మైనం మీద నిలవకుండా జారిపోయింది. పిల్లపురుగులకి ఇంకా అంత మైనం ఉండదు కాబట్టి అవి దొరికిపోతాయి, పెద్దవి తప్పించుకుంటాయి.

అందుకే పెద్దవాటికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాను. ఇయర్ బడ్‌ని అందులో ముంచి, కారకుండా పిండి, పురుగు మీద అద్దితే మైనం కరిగి రంగు బయటపడుతుంది. అక్కడికక్కడే తుడిచేయొచ్చు. ఓపిక కావాలి, కానీ నాకు మాత్రం ఇది తృప్తినిచ్చే పని. ముందు బడ్‌తో పెద్దవాటిని ఏరేసి, ఆ తర్వాత స్ప్రే కొట్టడం మొదలుపెట్టాకే మా మొక్క తేరుకుంది.

ఇక సీసా. ఆకు అడుగున కొట్టాలని వంచితే లోపలి గొట్టం గాలి పీల్చుకుని నాజిల్ ఆగిపోతుంది. పురుగులు ఎక్కువగా ఉండేదే ఆకు అడుగున! నేను కుండీనే పక్కకి వంచి కొట్టాల్సి వచ్చింది. పైగా తుంపర సన్నగా రాదు, బొట్లు బొట్లుగా పడి ఆకుల మధ్య నడినెత్తిన గుంటలో చేరుతుంది. ఫెలనాప్సిస్‌కి అక్కడ తడి నిలిస్తే మొవ్వు కుళ్లిపోతుంది, మొక్క కోలుకోవడం చాలా కష్టం. కొట్టిన ప్రతిసారీ టిష్యూ పేపర్‌ని మడిచి ఆ గుంటలోని తడిని పీల్చేయాలి. ఎండ తగిలే వేళ కొట్టకూడదు. పువ్వుల మీద పడితే రేకులకి మచ్చలొస్తాయి. కొత్త సీసా అయితే ముందు ఒక్క ఆకు మీద కొట్టి ఒకటి రెండు రోజులు ఆగి చూడటం మంచిది.

గిన్నెలు తోమే లిక్విడ్‌ని నీళ్లలో కలిపితే చాలదా అని మా అక్క అడిగింది. వద్దన్నాను. అది జిడ్డు వదలగొట్టడానికి చేసిన డిటర్జెంట్, ఆకు పైనున్న సహజమైన మైనపు పొరనీ తీసేస్తుంది. వేపనూనె మీద నాకు కోపం లేదు గానీ, ఆకు మీద జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది, వాసన గదంతా ఉంటుంది.

ఎర్రనల్లికి, పేనుబంకకి ఈ సబ్బు బాగా పనిచేస్తుంది. పొలుసు పురుగు పెద్దదైతే పైచిప్ప వల్ల పనిచేయదు, గోటితోనో బడ్‌తోనో గీకేయాల్సిందే. ఇంకో మాట. పూకాడ మీద పారదర్శకంగా, జిగురుగా ఉండే చిన్న బొట్లు కనిపించగానే టెన్షన్ పడి మందు కొట్టకండి. ఆరోగ్యంగా ఉన్న ఆర్కిడ్‌ కూడా అలా తీపి రసం కారుస్తుంది. భూతద్దంతో చుట్టుపక్కల వెతికి, పురుగు కనిపిస్తేనే సీసా తీయండి.

స్ప్రే అస్సలు చేరని చోటు కుండీ లోపల. పిండినల్లి కుండీలో మట్టికి బదులు వేసే బెరడు ముక్కల మధ్య, వేళ్ల మీద కూడా కాపురం పెడుతుంది. పైన ఎంత శుభ్రం చేసినా మళ్లీ మళ్లీ వస్తుంటే మొక్కని కుండీలోంచి తీసి చూడాలి. మాది తీస్తే రెండు మూడు వేళ్ల మీద తెల్లటి పొడి కనిపించింది. పాత బెరడంతా పారేసి, వేళ్లని కుళాయి కింద కడిగి, మెత్తబడినవి కత్తిరించి, కుండీ తోమి కొత్త బెరడులో పెట్టాను. అన్నాళ్లూ దాన్ని మిగతా మొక్కలకి దూరంగా ఉంచాను, ఎందుకంటే ఆకూ ఆకూ తగిలితే పిల్లపురుగులు పాకిపోతాయి.

ఈ మందు మళ్లీ కొంటాను, కానీ ఈ సీసా కాదు. నీళ్లలో కలుపుకునే చిక్కటి ద్రావణం తెచ్చి, సన్నటి తుంపరనిచ్చే వేరే సీసాలో పోసుకుంటాను. కలిపేది మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే. సున్నం ఎక్కువున్న ఉప్పునీళ్లలో సబ్బు విరిగి తెట్టు కట్టి మందు బలం తగ్గిపోతుంది.