నెలసరి నొప్పికి టెన్స్ డివైస్: చాలాకాలం వాడాక

మందుల్లేకుండా నెలసరి నొప్పి తగ్గిస్తామంటూ ఒంటికి తగిలించుకునే చిన్న డివైస్‌లు ఇప్పుడు రకరకాలు వస్తున్నాయి. రంగు, ఆకారం వేరైనా చాలావాటి లోపల ఉండేది టెన్సే (TENS), అంటే చర్మం మీంచి నరాలకు సన్నటి కరెంటు పంపే పద్ధతి. ఫిజియోథెరపీలో నడుం నొప్పికి పెట్టే కరెంటు మెషిన్‌నే అరచేతిలో పట్టేంత చేసి ఇస్తున్నారన్నమాట. నేను వాడేదాంట్లో రెండు జిగురు ప్యాడ్‌లు, ఒక సన్నటి వైరు, బట్టలకు తగిలించుకునే క్లిప్పున్న చిన్న బాక్స్ ఉంటాయి. చాలాకాలంగా ప్రతి నెలా వాడుతున్నాను. నొప్పిని ఇది పోగొట్టదు, ఆన్‌లో ఉన్నంతసేపు వెనక్కి నెడుతుంది. తీసేశాక కాసేపు ఆ హాయి ఉంటుంది, తర్వాత నొప్పి మెల్లగా మళ్లీ మొదలవుతుంది. ఇంత తెలిసి కొనుక్కుంటే నిరాశ ఉండదు.

ప్యాడ్‌లు బొడ్డు కింద అటొకటి ఇటొకటి అంటించి ఆన్ చేస్తే మొదట ఏమీ తెలీదు. ప్లస్ బటన్ నొక్కుతూ పోతే సన్నగా జివ్వుమంటుంది. ఇంకా పెంచితే, తిమ్మిరెక్కిన కాలు వదిలేటప్పుడు ఉన్నట్టే ఉంటుంది. అంతకు మించితే పొత్తికడుపు కండరం దానంతట అదే ఎగిరెగిరి పడుతుంది. ఆ స్థాయికి ఒకట్రెండు మెట్లు కిందే ఆపాలి. కరెంటు గట్టిగా తెలియాలి, కానీ బాధ అనిపించకూడదు. ‘నాకు పని చెయ్యలేదు’ అని పక్కన పడేసిన వాళ్లను అడిగి చూశాను. కొందరు భయపడి, తెలిసీ తెలియనంత తక్కువలో పెట్టుకున్నారు. అంత తక్కువలో పెడితే పెట్టుకోనట్టే. పైగా కాసేపటికి ఒళ్లు అలవాటు పడిపోయి, జివ్వుమనడం తగ్గినట్టు అనిపిస్తుంది. అప్పుడు ఇంకో మెట్టు పెంచుకోవాలి.

దీని వెనకున్న ఆలోచన పాతదే. 1965లో రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతం చెప్పారు. స్పర్శను మోసే మందపాటి నరాలు చురుగ్గా ఉంటే, సన్నటి నరాలు తెచ్చే నొప్పి సంకేతాలకు వెన్నుపాములో దారి ఇరుకవుతుందని దాని సారాంశం. గర్భసంచి నుంచి నొప్పి సంకేతాలు వెన్నుపాములో చేరే భాగాలకే, పొత్తికడుపు చర్మం నుంచి, నడుం చర్మం నుంచి వచ్చే నరాలూ చేరతాయి. అందుకే ప్యాడ్‌లు ముందు పెట్టినా వెనక పెట్టినా ఫలితం ఉంటుంది. కూర్చుని పనిచేసే రోజుల్లో నాకు నడుం మీదే నయం. ముందు పెడితే వంగినప్పుడు పొట్ట మడతలో ప్యాడ్ కూడా మడతపడి, కరెంటంతా ఒక అంచునే చురుక్కుమంటుంది. నా డివైస్‌లో మోడ్‌లు చాలా ఉన్నాయి కానీ నేను వాడేది ఒక్కటే, ఆగకుండా వేగంగా వచ్చేది. సెకనుకు 50 నుంచి 120 పల్స్‌ల మధ్య ఉండేదాన్ని ఎక్కువ ఫ్రీక్వెన్సీ టెన్స్ అంటారు. నెలసరి నొప్పి మీద పరిశోధనలు దీనితోనే ఎక్కువ జరిగాయి. అయితే వాటిలో చాలావరకు చిన్నవి, అద్భుతాలేమీ చెప్పలేదు.

ఇక ‘మందుల్లేకుండా’ అనే మాట. నెలసరి నొప్పికి మూలం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. గర్భసంచి లోపలి పొర నుంచి విడుదలై, కండరాన్ని గట్టిగా బిగిస్తాయి, దానికి రక్తం అందడం తగ్గుతుంది. ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటి మాత్రలు వాటి తయారీనే తగ్గిస్తాయి. డివైస్ దాని జోలికి పోదు, నొప్పి సంకేతంతోనే దానికి పని. వాడుతుంటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కడుపులో మెలిపెట్టడం తగ్గుతుంది కానీ వాంతి వచ్చేలా ఉండటం, విరేచనాలు, నీరసం ఎక్కడివక్కడే. మొదటిరోజు నేనిప్పటికీ మాత్ర వేసుకుంటాను. రెండోరోజు నుంచి మాత్రం డివైస్‌తోనే గడిచిపోతోంది. అల్సర్ వల్లో కిడ్నీ సమస్య వల్లో ఆ మాత్రలు పడనివాళ్లకు ఇది ఇంకా విలువైనది. ఇంట్లో పడుకుని ఉంటే మాత్రం నా ఓటు హాట్ వాటర్ బ్యాగ్‌కే. బయటికి వెళ్లాల్సి వచ్చినప్పుడే డివైస్ గొప్పతనం తెలుస్తుంది. వదులు చొక్కా కింద ఎవరికీ కనపడదు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు. గర్భం ఉన్నా, ఉందేమోనని అనుమానం ఉన్నా వద్దు. మూర్ఛ ఉంటే డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. ఛాతీ మీద, మెడ ముందు భాగంలో, పుండున్న చోట పెట్టకూడదు. నిద్రలో, స్నానంలో, బండి నడిపేటప్పుడు తీసేయాలి. ఇంకో ముఖ్యమైన మాట: నొప్పి ఏటేటా పెరుగుతున్నా, మిగతా రోజుల్లోనూ వస్తున్నా, బ్లీడింగ్ విపరీతంగా ఉన్నా, కలయికలో నొప్పి ఉన్నా దీనితో నెట్టుకురావద్దు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), అడెనోమయోసిస్ (ఆ పొర గర్భసంచి కండరంలోకి పెరగడం), ఫైబ్రాయిడ్లు (గర్భసంచి గడ్డలు) లాంటివి లోపల ఉండొచ్చు. డివైస్ నొప్పిని కప్పిపెడుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఇంకా ఆలస్యమవుతుంది.

నా అసలు కంప్లైంట్ ప్యాడ్‌ల మీద. కొత్తలో గట్టిగా అతుక్కుంటాయి. కొన్నిసార్లు వాడేసరికి అంచులు లేచి, సన్నటి నూగు అంటుకుని, బట్టలకు రాసుకుని ఊడిపోతాయి. ఒక మూల లేచిందంటే కరెంటంతా మిగిలిన చోటికే చేరి గుచ్చుతుంది. లోషన్ రాసిన ఒంటికైతే అసలు పట్టవు. సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకున్నాక పెట్టాలి, వాడాక వెంటనే వాటి ప్లాస్టిక్ షీటు మీదికి చేర్చాలి. జిగురు ఆరిపోతే వేలికి నీళ్లద్దుకుని ఓ చుక్క రాస్తే ఇంకొన్నిసార్లు వస్తాయి. తీసే ముందు స్విచ్ ఆఫ్ చెయ్యడం మర్చిపోతే వేళ్లకు చిన్న షాక్ ఖాయం.

కాబట్టి కొనేముందు బ్యాటరీ ఎంతసేపు వస్తుందని కాదు, ప్యాడ్‌లు విడిగా దొరుకుతాయా అని చూడండి. మామూలు పిన్ను, ప్రెస్ బటన్ రకం కనెక్షన్ ఉన్నవాటికి ఏ కంపెనీ ప్యాడ్ అయినా కొలత సరిపోతే పడుతుంది. అయస్కాంతంతో అతుక్కునే సొంత రకం ప్యాడ్‌లున్నవి చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, నాది కూడా అదే రకం. ఆ ప్యాడ్‌లు తయారుచేసేవాళ్ల దగ్గర తప్ప ఎక్కడా దొరకవు. వాళ్ల దగ్గర స్టాక్ లేని నెలల్లో నా డివైస్ ఫుల్ ఛార్జింగ్‌తో సొరుగులోనే ఉంటోంది.