కొవ్వు కణమా, ప్రోటీన్ కణమా: నానో టీకాల్లో మన పల్లెలకు ఏది మేలు?

నానో టీకా (అతి సూక్ష్మ కణాలతో చేసే టీకా) అనగానే చాలామందికి కోవిడ్ నాటి ఎంఆర్ఎన్ఏ (ప్రోటీన్ ఎలా తయారుచేయాలో శరీర కణాలకు చెప్పే సందేశం) టీకాలే గుర్తుకు వస్తాయి గాని, మన నెల్లూరు జిల్లాలో బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేసే హెపటైటిస్-బి టీకా కూడా నానో కణాలతో చేసినదే. ఆ వైరస్ పైపొరలోని ప్రోటీన్‌ను ఈస్ట్‌లో తయారుచేస్తే, అది కొంత కొవ్వుతో కలిసి దాదాపు 22 నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు) గుండ్రని కణాలుగా తనంతట తానే అమరుతుంది. ఈ టీకాను 1997లో దేశీయంగా తయారుచేసి చవకగా అందించిన శాంతా బయోటెక్నిక్స్ వ్యవస్థాపకులు వరప్రసాద్ రెడ్డి గారు నెల్లూరు జిల్లాలో పుట్టినవారే కావడం మనకు గర్వకారణం.

ప్రోటీన్ కణం బలమంతా దాని పైభాగంలో ఉంది. ఒకే గుర్తు దగ్గర దగ్గరగా, పదే పదే కనిపించడం వల్ల, ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేసే మన బీ కణాలు దానికి అసలు వైరస్‌కు స్పందించినంత గట్టిగా స్పందిస్తాయి. లోపల వైరస్ జన్యువు ఉండదు కనుక అది జబ్బు తెప్పించలేదు. హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) టీకా కూడా ఈ కోవలోదే.

ఎంఆర్ఎన్ఏ టీకా దారి వేరు. సుమారు 100 నానోమీటర్ల కొవ్వు కణం ఆ సందేశాన్ని మోసుకువెళ్లి మన శరీర కణంలో విడిచిపెడితే, ప్రోటీన్‌ను శరీరమే తయారుచేసుకుంటుంది. అది శరీర కణం లోపలే తయారవుతుంది కనుక ప్రతిరక్షకాలతో పాటు, వైరస్ సోకిన కణాలను చంపే టీ కణాలు కూడా మేల్కొంటాయి. కొత్త వైరస్ వస్తే సందేశాన్ని మార్చుకుంటే సరిపోతుంది. 2020 జనవరిలో కరోనా జన్యుక్రమం వెలువడితే, అదే ఏడాది డిసెంబరుకు టీకా ప్రజలకు చేరింది. ఈ వేగం ప్రోటీన్ కణాలకు సులభం కాదు. ఒక్కో రోగి కణితిని బట్టి క్యాన్సర్ టీకాను రూపొందించే ప్రయోగాలు కూడా ఈ దారిలోనే ముందుకు సాగుతున్నాయి.

అయితే ఉదయగిరి మెట్ట గ్రామానికో, తుమ్మలపెంట తీరానికో మే నెల ఎండలో టీకా చేరాలంటే లెక్క మారుతుంది. ఫైజర్ టీకాను మొదట్లో మైనస్ 70 డిగ్రీల దగ్గర నిల్వచేయవలసి వచ్చింది. హెపటైటిస్-బి టీకాకు 2 నుంచి 8 డిగ్రీలు చాలు గాని, గడ్డకడితే అది పాడైపోతుంది. అందుకే ఐస్ ప్యాక్‌ను కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే టీకాలు మోసుకెళ్లే క్యారియర్‌లో పెట్టాలి. ఏఎన్ఎంల ఈ జాగ్రత్తను మనం ఎంత మెచ్చుకున్నా తక్కువే.

అందుచేత ఎప్పుడూ వేసే సాధారణ టీకాలకు ప్రోటీన్ కణమే మేలనీ, అనుకోని మహమ్మారికీ క్యాన్సర్‌కూ కొవ్వు కణమే తగినదనీ నా అభిప్రాయం. పుణెలోని జెన్నోవా సంస్థ 2022లో అనుమతి పొందిన ఎంఆర్ఎన్ఏ టీకాను 2 నుంచి 8 డిగ్రీల్లోనే నిల్వ ఉండే పొడిగా తయారుచేసింది కనుక, చలి సమస్య క్రమంగా తీరవచ్చు. అది తీరినా, అప్పుడే పుట్టిన బిడ్డ విషయంలో మాత్రం కొన్ని దశాబ్దాలుగా కోట్లమంది పసివాళ్లకు వేసి చూసిన ప్రోటీన్ కణాన్నే నేను ఎంచుకుంటాను.